మేరీ ట్యూడర్ కడుపు, మేరీ ట్యూడర్ కిరీటం

పదహారో శతాబ్దంలో ఇంగ్లండుని ఏలిన కాథలిక్ రాణి మేరీ ట్యూడర్ గురించి ఎవరు రాయడం మొదలుపెట్టినా నాలుగు పేజీలు తిరక్కముందే ఆమె కడుపు దగ్గరికి వచ్చేస్తారు. పిల్లలు పుట్టలేదు, అందుకని మనసు చేదెక్కింది. మొగుడు వదిలేసి వెళ్లాడు, అందుకని మతం పిచ్చి ముదిరింది. ఆ పిచ్చిలో దాదాపు మూడు వందల మంది ప్రొటెస్టెంట్లని బతికుండగానే తగలబెట్టించింది. కథ అయిపోయింది. బ్లడీ మేరీ అన్న పేరు కూడా ఈ కథకి తగ్గట్టే కుదిరింది. మా అమ్మాయి క్లాసు పిల్లలు బాత్రూమ్ అద్దం ముందు నిలబడి ఆ పేరు మూడుసార్లు పలికి, కేకలు పెట్టుకుంటూ పారిపోయే ఆట ఒకటి ఆడతారు. నాలుగున్నర శతాబ్దాల తర్వాత ఒక రాణికి మిగిలింది ఇదీ.

నేను ఇంగ్లండు దక్షిణాన మిడ్‌వైఫ్‌గా పనిచేస్తున్నాను. రోజంతా కడుపులు తడిమి, టేపుతో కొలిచి, బిడ్డ గుండె చప్పుడు విని ఇంటికొచ్చే మనిషిని. ఒక రాణి ఐదేళ్ల పరిపాలనని గర్భసంచితో వివరించేసే పుస్తకం చేతికొస్తే నాకు చిరాకేస్తుంది. ఆ చిరాకుకి వృత్తిపరమైన కారణం ఉందన్నమాట. మా అమ్మాయికి స్కూల్లో ట్యూడర్ల ప్రాజెక్టు ఇచ్చినప్పటి నుంచీ ఈ విషయం మీద దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. ప్రాజెక్టు ఎప్పుడో అయిపోయింది, నా చదువే ఆగలేదు.

ముందే చెప్పేస్తాను, మేరీని కడిగిన ముత్యంలా చూపించడం ఈ పోస్టు ఉద్దేశం కాదు. చేసిన పాపం ఆమెదే. నా వాదన ఏమిటంటే, ఆ పాపమూ, దాని పక్కనే చేసిన మంచి పనులూ ఒక పాలకురాలి నిర్ణయాలుగా లెక్కలో వేయాలి, ఒక గొడ్రాలి ఏడుపుగా కాదు.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళదాం. 1516 ఫిబ్రవరిలో గ్రీనిచ్‌లో పుట్టింది. ఎనిమిదో హెన్రీకీ, అరగాన్ రాకుమారి కాథరిన్‌కీ బతికి బట్టకట్టిన ఒకే ఒక్క సంతానం. కొడుకు కావాలనీ, యాన్ బొలీన్ కావాలనీ హెన్రీ రోమ్‌లోని పోప్‌తోనే తెగతెంపులు చేసుకున్నాడు. 1533లో ఆర్చ్‌బిషప్ థామస్ క్రాన్మర్ కాథరిన్‌తో పెళ్లి అసలు పెళ్లే కాదని తీర్పు చెప్పాడు. అప్పటిదాకా రాకుమారి అయిన పదిహేడేళ్ల పిల్ల ఆ తీర్పుతో అక్రమ సంతానమైంది. ఆ ఏడాదే యాన్‌కి ఎలిజబెత్ పుట్టింది. హ్యాట్‌ఫీల్డ్‌లో ఆ పసిబిడ్డకి పెట్టిన కాపురంలోకి మేరీని పంపించారు, చెల్లెలికి రాకుమారి మర్యాదలు జరుగుతుంటే చూస్తూ బతకమని. తల్లిని చూడనివ్వలేదు. 1536 జనవరిలో కింబోల్టన్‌లో కాథరిన్ చనిపోయినప్పుడు కూడా కూతురు పక్కన లేదు. ఆ జూన్‌లో తండ్రి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మా అమ్మ పెళ్లి చెల్లదు, నేను అక్రమ సంతానాన్ని, చర్చికి పెద్ద మా నాన్నే అని దాని సారాంశం. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్లు.

ఇంకో తారీకు కూడా చెప్పాలి. 1540 జులై 30న లండన్ స్మిత్‌ఫీల్డ్‌లో హెన్రీ ఒకే రోజున ముగ్గురు ప్రొటెస్టెంట్లని మతద్రోహులని తగలబెట్టించాడు, ముగ్గురు కాథలిక్కులని రాజద్రోహులని ఉరితీయించి ముక్కలు నరికించాడు. ఏ పక్షానికీ లోటు చేయలేదు మహానుభావుడు. ఆ కాథలిక్కుల్లో రిచర్డ్ ఫెదర్‌స్టన్ అనే ఆయన మేరీకి చిన్నప్పుడు చదువు చెప్పిన పంతులు. ఆ మరుసటి ఏడాది మేరీని పెంచిన మార్గరెట్ పోల్ తల నరికించాడు. ఆవిడకి అప్పటికి అరవై ఏడేళ్లు. ఇంత చేసినా హెన్రీకి బ్లడీ అన్న బిరుదు రాలేదు. ఆరు పెళ్లిళ్ల లావుపాటి రాజుగారి బొమ్మ కోటల దగ్గర కీచైన్ల మీద అమ్ముతారు, పిల్లలు ముచ్చటపడి కొనుక్కుంటారు.

ఇప్పుడు నా వృత్తికి దగ్గరైన భాగం.

1554 జులై 25న వించెస్టర్‌లో మేరీకీ స్పెయిన్ యువరాజు ఫిలిప్‌కీ పెళ్లయింది. ఆమెకి 38, అతనికి 27. సెప్టెంబరుకల్లా రాణి కడుపుతో ఉందని వైద్యులు చెప్పారు. నెలసరి ఆగింది, పొద్దున వికారం, పొట్ట పెరుగుతోంది, రొమ్ములు బరువెక్కాయి. నవంబరులో బిడ్డ కదిలిందని కూడా అనుకుంది. లండన్‌లో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో కృతజ్ఞతా ప్రార్థనలు జరిగాయి. ఆ వయసులో తొలి కాన్పు అంటే ఇవాళ మా క్లినిక్‌లో ఫైలు మీద రెండు మూడు చోట్ల టిక్కు పెట్టి కన్సల్టెంట్ దగ్గరికి పంపిస్తాం. పైగా ఎదిగిన దగ్గర్నుంచీ ఆమెకి నెలసరి సరిగా వచ్చేది కాదు. అలాంటి మనిషికి నెల తప్పిందన్న మాట ఏ లెక్కకీ ఆధారం కాదు. కానీ ఆ లెక్క తప్ప వాళ్ల చేతిలో ఇంకేం ఉంది?

1555 ఏప్రిల్‌లో రాణి హ్యాంప్టన్ కోర్ట్‌కి చేరింది. అప్పటి రాచమర్యాద ప్రకారం నెలలు నిండే ముందు పురిటి గదిలోకి వెళ్లిపోవాలి. కిటికీలకి తెరలు, గోడలకి కుట్టుపని తెరలు, లోపల అంతా ఆడవాళ్లే. అందమైన తొట్టె ఒకటి తయారు చేయించారు, దాని మీద లాటిన్‌లోనూ ఇంగ్లిషులోనూ పద్యాలు. బిడ్డ పుట్టిందని విదేశాల రాజులకి పంపాల్సిన ఉత్తరాలు ముందే రాసి, తారీకు కోసం ఖాళీ వదిలిపెట్టి ఉంచారు. ఏప్రిల్ 30న మగబిడ్డ పుట్టాడని పుకారు లేచింది. లండన్‌లో గంటలు మోగించారు, వీధుల్లో మంటలు వేసి విందులు చేసుకున్నారు. ఆంట్‌వెర్ప్ దాకా ఆ సంబరం పాకింది. తెల్లారేసరికి అంతా ఉత్తిదేనని తేలింది.

మే పోయింది. వైద్యులు లెక్క తప్పిందన్నారు, జూన్ అన్నారు. జూన్ కూడా పోయింది. తారీకు జరపడం ఎప్పుడూ సులువే, ఎందుకంటే ఎదురుగా కూర్చున్న మనిషి వినాలనుకునేది అదే. అందులోనూ ఆ మనిషి రాణి. ఆమె పొట్ట గట్టిగా తడిమి ‘బిడ్డ లేదమ్మా’ అని చెప్పగల ధైర్యం ఎవరికుంటుంది? ఆ రోజుల్లో రాయబారులు రాసిన ఉత్తరాల్లో ఒక సంగతి దొరుకుతుంది. రాణి నేల మీద దిండ్లు వేసుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడుచుకుని గంటల తరబడి కూర్చునేదట. నిండు నెలల మనిషి అలా కూర్చోలేదు. పొట్ట అడ్డం వస్తుంది. ఇది చెప్పడానికి మిడ్‌వైఫ్ కానక్కర్లేదు, చూసినవాళ్లకి అప్పుడే అర్థమై ఉంటుంది. అయినా ఆ గదిలో ఎవరూ నోరు విప్పలేదు. ఆగస్టు మొదట్లో ఆమె పరివారాన్ని తగ్గించుకుని ఓట్‌లాండ్స్ అనే చిన్న భవనానికి మారిపోయింది. ప్రకటన లేదు, సంజాయిషీ లేదు. ఆ నెలాఖరుకి ఫిలిప్ నెదర్లాండ్స్ వెళ్లిపోయాడు.

దీన్ని వైద్యంలో భ్రమ గర్భం అంటారు. నా ఉద్యోగంలో నేనెప్పుడూ చూడలేదు. స్కాన్ వచ్చాక వ్యవహారం తొమ్మిది నెలల దాకా పోదు. కానీ స్కాన్ గదిలో తెర మీద చప్పుడు వినిపించని కడుపుల పక్కన నిలబడ్డాను. ఆ ముఖాలు గుర్తున్నాయి కాబట్టి, రాణి పొట్టలో ఉన్నది గాలే అని వెటకారమాడిన ఆనాటి రాయబారుల ఉత్తరాలు నన్ను నవ్వించవు. మేరీది మానసికమా, కణితా, హార్మోన్ల తేడానా అని నేటి వైద్యులు రాసిన ఊహాగానాలు కూడా చాలానే ఉన్నాయి. నాకు వాటి మీద ఆసక్తి తక్కువ. ఐదు వందల ఏళ్ల నాటి రోగికి నేను రోగనిర్ధారణ చేయను.

అసలు ఈ సంగతిని ఇంతసేపు చెప్పింది ఎందుకంటే, చాలామంది దీని మీద మొత్తం హత్యాకాండని నిలబెడతారు. బిడ్డ పుట్టకపోవడం దేవుడి శిక్ష అనుకుందట, మతద్రోహులు దేశంలో ఉన్నంతకాలం దేవుడు బిడ్డనివ్వడు అనుకుందట, అందుకని తగలబెట్టించిందట. ఈ వాదానికి ఊతంగా ఒక ఉత్తరం చూపిస్తారు. 1555 మే 24న, అంటే ఆమె పురిటి గదిలో ఉండగానే, రాజు రాణుల పేరున లండన్ బిషప్ బానర్‌కి మతద్రోహుల విషయంలో ఇంత తాత్సారం ఏమిటని మందలింపు వెళ్లింది. ఉత్తరం నిజమే.

కానీ తారీకులు చూడండి. మతద్రోహులని దహించే పాత చట్టాలని పార్లమెంట్ మళ్లీ బతికించింది 1554 చివర్లో. జాన్ రోజర్స్ అనే బైబిల్ అనువాదకుణ్ణి స్మిత్‌ఫీల్డ్‌లో తగలబెట్టింది 1555 ఫిబ్రవరి 4న. ఆమె కాలంలో అలా చనిపోయినవాళ్లలో మొదటివాడు ఆయన. అప్పటికి మేరీ పరిస్థితి ఏమిటి? భర్త పక్కనే ఉన్నాడు. కడుపులో బిడ్డ ఉందని దేశమంతా నమ్ముతోంది. నవంబరు ఆఖరున రోమ్‌తో రాజీ కుదిరి, తల్లి పోయినప్పటి నుంచీ కోరుకున్న కోరిక తీరింది. జీవితంలో ఆమెకి అంతకన్నా మంచి నెలలు ఎప్పుడూ లేవు. మంటలు మొదలైంది సరిగ్గా ఆ నెలల్లోనే. దుఃఖంలో పుట్టిన పిచ్చి అయితే దుఃఖం కన్నా ముందే ఎలా మొదలైంది?

ఇది ఆలోచించి తీసుకున్న నిర్ణయం, అందుకే మరింత భయంకరం. ఆమె తన సలహాదారులకి రాసిన సూచనలు మిగిలాయి. మతద్రోహుల శిక్ష తొందరపాటుగా ఉండకూడదు, అయితే పామరుల్ని మోసగించే చదువుకున్నవాళ్లని వదలకూడదు. లండన్‌లో దహనం జరిగేటప్పుడు కౌన్సిల్ మనిషి ఒకరు ఉండాలి, అక్కడ మంచి ఉపదేశాలు జరగాలి. పిచ్చిదాని చేతిరాత ఇలా ఉండదు. ఆఫీసు ఫైలు ఇలా ఉంటుంది. పైగా నిదానించమని చెప్పినవాళ్లు లేకపోలేదు. మొదటి దహనాలు జరిగిన వారం లోపలే ఫిలిప్ వెంట వచ్చిన స్పెయిన్ సన్యాసి అల్ఫోన్సో డి కాస్ట్రో వాటికి వ్యతిరేకంగా ఉపన్యాసం ఇచ్చాడు. ఫిలిప్ తండ్రి అయిన చక్రవర్తి పంపిన రాయబారి సిమోన్ రెనార్ ప్రజలు తిరగబడతారని హెచ్చరించాడు. ఆమె ఆగలేదు.

సుమారు 280 మంది. అందులో యాభై మందికి పైగా ఆడవాళ్లు. బిషప్పులు రిడ్లీ, లాటిమర్ లాంటి పేరున్నవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు నేతగాళ్లు, కమ్మర్లు, కూలీలు, వాళ్ల పెళ్లాలు. డెర్బీలో జోన్ వేస్ట్ అనే ఇరవై రెండేళ్ల గుడ్డి అమ్మాయి ఉండేది. తాళ్లు పేనే పని చేసి డబ్బు దాచుకుని కొత్త నిబంధన ఒకటి కొనుక్కుంది. తను చదవలేదు కదా, జైల్లో ఉన్న ఒక ముసలాయన దగ్గరికీ, ఇంకొకరి దగ్గరికీ వెళ్లి చదివించుకునేది. 1556 ఆగస్టు 1న ఆ పిల్లని తగలబెట్టారు. ఆమె వల్ల ఏ సింహాసనం కదులుతుంది?

గెర్న్సీ దీవి సంగతి నేను దాటేసి పోలేను. 1556లో అక్కడ ఒక తల్లినీ ఆమె ఇద్దరు కూతుళ్లనీ తగలబెట్టారు. కూతుళ్లలో పెరోటిన్ మాసీ నిండు నెలలతో ఉంది. మంటల్లోనే బిడ్డ పుట్టిందని, ఎవరో బయటికి తీస్తే బెయిలిఫ్ అనే దీవి పెద్ద అధికారి ఆజ్ఞ మీద మళ్లీ మంటల్లోకి విసిరేశారని ప్రొటెస్టెంట్ రచయిత జాన్ ఫాక్స్ రాశాడు. అబద్ధమని అప్పట్లోనే ఒక కాథలిక్ రచయిత వాదించాడు, ఫాక్స్ సాక్ష్యాలు చూపించి నిలబడ్డాడు. ఎలిజబెత్ కాలంలో ఆ బెయిలిఫ్‌కి క్షమాభిక్ష దొరికింది, క్షమాభిక్ష ఇవ్వాల్సి వచ్చిందంటే నేరం జరిగినట్టే. లండన్‌లో కూర్చున్న మేరీకి ఆ పేరు కూడా తెలిసి ఉండకపోవచ్చు. చట్టం మాత్రం ఆమెదే. కడుపుతో ఉన్న మనిషికి మరణశిక్ష వాయిదా వేయడం ఇంగ్లండు న్యాయంలో అప్పటికే ఉన్న పద్ధతి. ఆ గర్భం గురించి అక్కడ ఎవరూ అడగలేదు, ఎవరూ ఆపలేదు. ఒకసారి చదివాక ఆ పేజీ మళ్లీ తియ్యాలనిపించలేదు.

క్రాన్మర్ విషయం వేరు. అక్కడ మేరీ చెయ్యి నేరుగా కనిపిస్తుంది. తన తల్లి పెళ్లిని రద్దు చేసిన మనిషి. జైల్లో భయపడి తన నమ్మకాలన్నీ తప్పని ఒకటికి నాలుగుసార్లు రాసిచ్చాడు. చర్చి పద్ధతి ప్రకారం పశ్చాత్తాపపడ్డవాణ్ణి సాధారణంగా చంపరు. అయినా వదలొద్దంది. 1556 మార్చి 21న ఆక్స్‌ఫర్డ్‌లో ఆఖరి నిమిషంలో ఆయన మాట మార్చి, రాసిచ్చిన కుడి చేతిని ముందుగా మంటలో పెట్టాడు. క్షమించి ఒక మూల కూర్చోబెట్టి ఉంటే పిరికివాడిగా మిగిలేవాడు. చంపి అమరుణ్ణి చేసింది. పగతో చేసిందనే నేనూ అనుకుంటాను. కానీ పగబట్టి శత్రువుల్ని చంపిన రాజులని వాళ్ల సంతానలేమితో ఎవరూ వివరించరు కదా.

ఇదంతా మనకి ఇంత వివరంగా తెలియడానికి కారణం ప్రొటెస్టెంట్ అమరుల మీద ఫాక్స్ రాసిన పుస్తకమే. మేరీ కాలంలో దేశం వదిలి పారిపోయి, ఎలిజబెత్ వచ్చాక తిరిగొచ్చి 1563లో ఇంగ్లిషులో అచ్చు వేశాడు. మంటల బొమ్మలతో సహా. 1570లో ఇంకా పెద్ద ముద్రణ వచ్చింది, దాన్ని కెథడ్రల్స్‌లో పెట్టించారు. చదువురానివాళ్లకి బొమ్మలు చాలు. ఇవాళ అందరూ చెప్పుకునే లాటిమర్ ఆఖరి మాటలు, ఎన్నటికీ ఆరని దీపం వెలిగిస్తున్నామన్న ఆ గొప్ప వాక్యం, మొదటి ముద్రణలో లేదు. 1570లో కనిపిస్తుంది. అంతమాత్రాన ఫాక్స్‌ని అబద్ధాలకోరు అనను. ఆయన పోగు చేసిన కోర్టు కాగితాలూ సాక్ష్యాలూ చాలావరకు నిలబడ్డవే. కానీ అది గెలిచిన పక్షం రాసిన పుస్తకం. ఎలిజబెత్ వైపు చావులకి అలాంటి పుస్తకం ఇంగ్లండులో ప్రతి ఊళ్లోనూ లేదు.

ఎలిజబెత్ దగ్గర కూడా చావులు తక్కువ కాదు. 1569లో ఉత్తరాది తిరుగుబాటు అణిచాక వందల మందిని ఉరితీయించింది. కాథలిక్ ప్రీస్టులని రాజద్రోహం కింద పేగులు తీయించి చంపారు. 1586లో యార్క్‌లో మార్గరెట్ క్లిథరో అనే కసాయి భార్యని, ప్రీస్టులకి ఆశ్రయం ఇచ్చిన కేసులో, తలుపు కింద పడుకోబెట్టి పైన రాళ్లు పేర్చి చంపారు. ఆమె కూడా గర్భవతి అని అప్పట్లో అనుకున్నారు. అయితే ఈ లెక్కలు పక్కపక్కన పెట్టి మేరీకి మార్కులు కలిపే వాళ్లతో నేను ఏకీభవించను. ఎలిజబెత్ 44 ఏళ్లు ఏలింది. మేరీ మంటలు నాలుగేళ్లు కూడా లేవు. ఇంగ్లండులో అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ అంత కొద్ది కాలంలో అంతమందిని నమ్మకం కోసం తగలబెట్టలేదు. ససెక్స్‌లో లూయిస్ ఊళ్లో 17 మంది చనిపోయారు. ఏటా నవంబరు 5న ఆ ఊరివాళ్లు 17 మండే శిలువలు పట్టుకుని ఊరేగుతారు. పట్టుకోవాల్సిందే.

ఇక ఎవరూ చెప్పని సగం.

1553 జులై 6న, హెన్రీ తర్వాత రాజైన తమ్ముడు ఎడ్వర్డ్ చనిపోయాడు. చనిపోయే ముందు మేరీనీ ఎలిజబెత్‌నీ పక్కకి నెట్టి సింహాసనం బంధువుల అమ్మాయి జేన్ గ్రేకి రాసిచ్చాడు. వెనక ఉండి నడిపించింది నార్తంబర్లండ్ డ్యూక్. అతని చేతిలో ఖజానా ఉంది, లండన్ టవర్‌లో తుపాకులున్నాయి, కౌన్సిల్ మొత్తం అతని పక్షం. మేరీకి ఏముంది? నార్‌ఫోక్‌లో కెనింగ్‌హాల్ ఇల్లు, కొంతమంది నౌకర్లు. అందరూ ఆమె పారిపోతుందనే అనుకున్నారు. ఆమె మాత్రం నేనే రాణినని కౌన్సిల్‌కి ఉత్తరం రాసి, సఫోక్‌లో ఫ్రామ్లింగమ్ కోటకి వెళ్లి జెండా ఎత్తింది. రైతులూ, చిన్న జమీందార్లూ, చివరికి ఆమెని అడ్డుకోవడానికి పంపిన ఓడల నావికులూ ఆమె వైపు వచ్చేశారు. సైన్యాన్ని చూడబోయినప్పుడు గుర్రం బెదిరితే దిగేసి నడుచుకుంటూ వరసల మధ్య తిరిగి సైనికులతో మాట్లాడింది. జులై 19న లండనే ఆమెని రాణిగా ప్రకటించింది. పెద్ద యుద్ధం లేకుండా పదమూడు రోజుల్లో రాజధానిని గెలుచుకున్న మనిషిని మనం అమాయకురాలనీ, మూఢురాలనీ చదువుకుంటున్నాం. నిరుడు ఆ కోటకి వెళ్లాను. గోడ మీద చుట్టూ నడవచ్చు, పిల్లలకి బాగా నచ్చుతుంది. టీ కొట్టు పర్లేదు.

ఆర్నెల్లు తిరక్కముందే, 1554 జనవరి ఆఖరున, స్పెయిన్ పెళ్లి వద్దంటూ థామస్ వయట్ కెంట్ నుంచి వేల మందితో లండన్ మీదికి వచ్చాడు. పారిపొమ్మని మళ్లీ సలహాలిచ్చారు. ఫిబ్రవరి 1న ఆమె లండన్ నగర సభాభవనం గిల్డ్‌హాల్‌కి వెళ్లి నగరవాసుల ముందు మాట్లాడింది. పట్టాభిషేకం నాడు నేను ఈ దేశాన్నే పెళ్లాడాను, ఆ ఉంగరం ఇప్పటికీ నా వేలికే ఉంది అంది. తల్లికి బిడ్డ మీద ఎంత ప్రేమ ఉంటుందో నాకు తెలియదు, నేను ఎవరికీ తల్లిని కాలేదు, కానీ పాలకులకి ప్రజల మీద అలాంటి ప్రేమ ఉండగలిగితే నాకు మీ మీద ఉన్నది అదే అంది. లండన్ ఆమె పక్షాన నిలబడింది, వయట్ ఓడిపోయాడు. విచిత్రం ఏమిటంటే ఈ ప్రసంగాన్ని మన దాకా అందించినవాళ్లలో ఫాక్స్ కూడా ఒకడు. దేశాన్నే పెళ్లాడిన రాణి అన్న మాట వినగానే మీకు ఎవరు గుర్తొచ్చారో నాకు తెలుసు. ఆ మాట ఎలిజబెత్ కన్నా ముందు అక్క అంది.

ఆ తిరుగుబాటు తర్వాత పదహారు, పదిహేడేళ్ల జేన్ గ్రే తల నరికించింది. వయట్ తిరుగుబాటులో ఆ పిల్ల చేసిందేమీ లేదు. అది కూడా ఇటు పక్కనే రాసుకోవాలి.

అదే 1554 వసంతంలో పార్లమెంట్ ఒక చట్టం చేసింది. రాజ్యాధికారం మగవాడి చేతిలో ఎంత సంపూర్ణంగా ఉంటుందో ఆడదాని చేతిలోనూ అంతే సంపూర్ణంగా ఉంటుందని. ఇంగ్లండుకి అప్పటిదాకా పట్టాభిషేకం జరిగి సొంతంగా ఏలిన రాణి లేదు. రాజుకి ఉన్న హక్కులన్నీ రాణికి ఉంటాయా, పెళ్లాడితే అవి మొగుడికి పోతాయా అన్నది వట్టి చర్చ కాదు, పెళ్లయిన ఆడదాని ఆస్తి మొగుడి చేతికి పోయే రోజులవి. ఫిలిప్‌తో పెళ్లి ఒప్పందం చదివితే ఆశ్చర్యమేస్తుంది. రాజు అన్న బిరుదు ఉంటుంది, అధికారం ఉండదు. విదేశీయులకి పదవులివ్వకూడదు. రాణి చనిపోతే బిడ్డలు లేని పక్షంలో ఇంగ్లండు మీద హక్కేమీ లేదు. అతను ఎంతగా అడిగినా పట్టాభిషేకం జరగలేదు. మొగుడి ప్రేమ కోసం దేశాన్ని తాకట్టు పెట్టిన ఆడది అని చెప్పేవాళ్లు ఆ కాగితం చదివినట్టు లేదు.

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. దశాబ్దాలుగా మారని కస్టమ్స్ సుంకాల పట్టీని 1558లో కొత్తగా రాయించింది, ఆ ఆదాయం అనుభవించింది ఎలిజబెత్. అదే ఏడాది సైనిక సమీకరణ చట్టాలు వచ్చాయి. రష్యాతో వర్తకానికి మస్కవీ కంపెనీకి 1555లో చార్టర్ ఇచ్చింది. ఇవి పిల్లల అద్దం ఆటలో పనికిరావు కాబట్టి ఎవరికీ తెలియవు.

ఫ్రాన్స్ తీరంలోని కాలే అనే రేవు పోవడం నిజమే. 1558 జనవరిలో, ఫిలిప్ యుద్ధంలో తలదూర్చిన పాపానికి, ఫ్రాన్స్‌లో మిగిలిన ఆఖరి ఊరు ఇంగ్లండు చేజారిపోయింది. పెళ్లి ఒప్పందం ఆ యుద్ధంలోకి దిగొద్దంది, ఆమె దిగింది. దానికి తోడు వరసగా రెండేళ్లు పంటలు పోయాయి, ఆ వెనకే విషజ్వరం దేశమంతా తిరిగింది. ఇంకో ఇరవై ఏళ్లు బతికి ఉంటే ఈ చెడ్డ రోజులు కూడా మరుపున పడేవేమో. ఐదేళ్లకే పోయింది కాబట్టి అవే ఆఖరి గుర్తులయ్యాయి.

1557లో ఫిలిప్ వచ్చి వెళ్లాక మళ్లీ కడుపు అనుకుంది. 1558 మార్చి 30న రాసిన వీలునామాలో ఆ బిడ్డకే కిరీటం అని రాసింది. అదే వీలునామాలో లండన్ దగ్గర ముసలి, అంగవైకల్యం పొందిన పేద సైనికులకి ఒక ఆశ్రయం కట్టించమనీ, పీటర్‌బరోలో ఉన్న తల్లి శవపేటికని తెచ్చి తన పక్కన పెట్టమనీ రాసింది. ఎలిజబెత్ అవేవీ చేయలేదు. కాథరిన్ ఇప్పటికీ పీటర్‌బరోలోనే ఉంది.

అక్టోబరు 28న ఆ వీలునామాకి ఒక అనుబంధం చేర్చింది. కడుపుతో ఉన్నాననుకుని ముందు అలా రాశాను, కానీ ఇంతవరకూ నా కడుపున బిడ్డ కలగలేదు, కలగని పక్షంలో దేశ చట్టాల ప్రకారం ఎవరు వారసులో వారికే కిరీటం అని. పేరు రాయడానికి మనసొప్పలేదు. కానీ చట్టం ప్రకారం ఆ వారసురాలు ఎవరో అందరికీ తెలుసు, తన తల్లిని ఇంట్లోంచి వెళ్లగొట్టించినావిడ కూతురు, తను కట్టినదంతా కూల్చేసే ప్రొటెస్టెంట్. ఐదేళ్ల కిందట తమ్ముడు ఇదే పరిస్థితిలో చట్టాన్ని పక్కన పెట్టి తనకి నచ్చినవాళ్లకి రాసిచ్చాడు, దేశం అంతర్యుద్ధం అంచు దాకా వెళ్లింది. మేరీ ఆ పని చేయలేదు. నవంబరు మొదట్లో కౌన్సిల్ మాట మీద ఎలిజబెత్ పేరు నోటితో కూడా ఒప్పుకుంది. 17వ తారీకు పొద్దున సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో చనిపోయింది, ఆ రోజే ఎలిజబెత్‌ని రాణిగా ప్రకటించారు, ఎవరూ కత్తి దూయలేదు. కాంటర్‌బరీలో ఆమె చట్టం కింద ఆఖరి ఐదుగురిని తగలబెట్టి అప్పటికి పది రోజులు కూడా కాలేదు. ఈ రెండూ ఒకే నెలలో, ఒకే మనిషి అధికారంతో జరిగాయి. మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో రెండోదే ఉంది.